సంఘం మేక

మా మామ మల్లేశ్వర్‌ను గుర్తుపట్టడం చాలా తేలిక. ఊళ్ళో పెళ్ళయినా చావయినా ముందు వరుసలో ఇస్త్రీ నలగని తెల్లచొక్కా ఒకటి కనిపిస్తే అది ఆయనే. పేరుకు గ్రామపంచాయతీలో బిల్ కలెక్టర్. ఇంటిపన్ను ఎవరి దగ్గరైనా వసూలు చేయగా నేను చూడలేదు. ఆయన చేసే పని పంచాయతీ కార్మికుల సంఘానికి అధ్యక్షుడిగా ఉండటం, పద్దెనిమిదేళ్ళుగా అదే పని. మరి ఎన్నిక ఎప్పుడు జరిగిందని కాపురానికి వచ్చిన కొత్తలో అడిగితే, మా ఆయన అరవింద్ అటూ ఇటూ చూసి "నీకెందుకే" అన్నాడు. ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టు మీద ట్రాలీలు తోసే మనిషి. తండ్రి ముందు నోరు తెరవడం ఆయనకు చేతకాదు, నేర్చుకుంటాడన్న ఆశ కూడా నాకు లేదు.

సంఘంలో రోడ్లూడ్చే ఆడవాళ్ళు, చెత్త రిక్షావాళ్ళు, నల్లా నీళ్ళు వదిలేవాళ్ళు ఉండేవారు. వాళ్ళకు జీతం మూడు నెలలకోసారి వచ్చేది. వచ్చిన రోజున సంఘం చందా ఆఫీసులోనే కోసేసి మిగిలింది చేతిలో పెట్టేవారు. ఎవరైనా చనిపోతే మట్టి ఖర్చులకు ఆ చందా అని చెప్పుకునేవారు. ఎన్నికలొచ్చిన ఏడాది ఎండాకాలంలో కాలువలు తీసే సోమయ్య చనిపోయాడు. ఆయన భార్య జంగమ్మ, ఆమె కూడా ఊడ్చే మనిషే, మా గడప ముందుకొచ్చి కూర్చుంది. "కమిటీ కూసోవాలె జంగమ్మా, తీర్మానం చెయ్యాలె" అన్నాడు మామ పళ్ళు కుట్టుకుంటూ. కమిటీ కూర్చోలేదు. సోమయ్య మట్టికి ఊళ్ళోవాళ్ళే తలా కొంత వేసుకున్నారు.

ఇలాంటి సంఘానికి ఓట్లప్పుడు మాత్రం ఎక్కడలేని గిరాకీ. కారణం ఉంది. తెల్లారితే ప్రతి వాకిలి ముందూ చీపురు పట్టుకుని ఉండేది వాళ్ళే, ఏ గల్లీలో నల్లా ఎప్పుడు వస్తుందో చెప్పేది వాళ్ళే. వాళ్ళు ఒక పేరు నాలుగు రోజులు నోట్లో నానబెడితే ఆ పేరు ఊరంతా పాకుతుంది. పంచాయతీ ఎన్నికల్లో పార్టీలు ఉండకూడదని చట్టం. కాబట్టి పార్టీలు పోటీ చేయవు, 'బలపరుస్తాయి'. సంఘాలు పార్టీలను బలపరచవు, పార్టీలు బలపరిచినవాళ్ళను బలపరుస్తాయి. ఇంత బలం పోసినా మా గల్లీ మురుగు మోరీ మీద బండ ఒక్కటి పడలేదు.

రెండువేల పదమూడు ఆషాఢంలో మా ఊరి సర్పంచ్ పదవి బీసీ మహిళకని వచ్చింది. ఆ సాయంత్రమే మామ సంఘాన్ని మా వాకిట్లో కూర్చోబెట్టాడు. నేను మెషిన్ దగ్గర జాకెట్లు కుడుతూ కిటికీలోంచి వింటున్నాను.

"ఈసారి మనం ఎవ్వని ఎనక తిరుగుడు లేదు. మన సంఘం మనిషే నిలవడ్తది. మా ఇంటామె రేణుకమ్మ!" అన్నాడు.

మా అత్తమ్మ చాయ్ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలోకి వస్తూ ఆ మాట విన్నది. తను సర్పంచ్‌గా నిలబడుతున్న సంగతి ఆమెకు తెలిసింది అప్పుడే. పళ్ళెం కింద పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

చప్పట్లయ్యాక జంగమ్మ లేచింది. "మల్లేశన్నా, పోయినసారి పొద్దుగాల ఒకలకు జై అన్నవు, మాపటికి ఇంకొకలకు జై అన్నవు. ఎవలకు ఓటేసినమో మాకే సమజ్ కాలే. ఈసారి పోచమ్మ కాడ ఒట్టు పెట్టుకుందాం. ముందుగాల నువ్వు పెట్టు."

మామకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎందుకో నాకు తర్వాత తెలిసింది. సాదా ఓట్లకు ఒక ధర, పోచమ్మ దగ్గర ఒట్టు పెట్టిన ఓట్లకు ఇంకో ధర.

మంగళవారం అందరూ పసుపు బియ్యం గుప్పిట్లో పట్టుకుని పోచమ్మ గుడి ముందు నిలబడ్డారు. "మా సంఘం ఓట్లన్నీ రేణుకమ్మకే. మాట తప్పితే తల్లీ, మా ఇంటి మీదికి నువ్వే రా" అని మామ గొంతు చించుకున్నాడు. ఆయన అన్నదాన్నే అందరూ అని బియ్యం తల్లి పాదాల దగ్గర పోశారు. ఆ గొంతు వింటే ఎవరైనా నమ్ముతారు. పద్దెనిమిదేళ్ళు ఆయన బతికింది ఆ గొంతు మీదే.

మర్నాడు పెయింటర్ వచ్చి మా ప్రహరీ గోడ మీద అత్తమ్మ పేరు రాశాడు. ఆరిందో లేదో చూడాలన్న వంకతో ఆమె పొద్దుటినుంచి ఎన్నిసార్లు బయటికి వెళ్ళిందో! ఆ ఊళ్ళో ఆమె ముప్పై ఏళ్ళుగా మల్లేశ్ పెండ్లాం, తర్వాత అరవింద్ వాళ్ళమ్మ. రేణుకమ్మ అన్న పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా లేదు.

"లతా, మంచిగనే కనవడుతుంది గదనే నా పేరు?" అంది.

"మస్తుగుంది అత్తమ్మా."

"వానకు పోతదా?"

"పోదు. ఆయిల్ పెయింటు."

అప్పుడు నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో నిలవలేదు. పొద్దున వంట చేసి గల్లీగల్లీకి పోయేది. ఓటు అడగడం ఆమెకు రాదు. ఎవరింటికైనా పోయి కూర్చుని, నల్లా నడిరాత్రి ఎందుకు వదులుతున్నారు, పొద్దున వదిలితే ఏం పోతుంది అని మాట్లాడి వచ్చేది. సర్పంచ్ కావాలని ఆమెకు నిజంగానే కోరిక పుట్టింది. ఒకరోజు అన్నం తింటూ నాతో అనేసింది కూడా: "ఒక్కపారి ఆ కుర్సీల కూసుంటే బాగుండునే బిడ్డా. ఎవ్వలనూ అడగకుంట ఒక్క పనన్న చేస్త."

కానీ ఆ కుర్చీ మీద ఇంకొకరి కన్ను పడింది. ఎయిర్‌పోర్టు వచ్చిన దగ్గర్నుంచి మా చుట్టుపక్కల జొన్న చేలన్నీ ప్లాట్లయ్యాయి. ఆ ప్లాట్లన్నింటికీ పంచాయతీ సంతకాలు కావాలి. గోవర్ధన్ అనే ప్లాట్ల వ్యాపారి తన భార్య అరుణతో నామినేషన్ వేయించాడు, ఒక పార్టీ బలపరిచింది. ఒక మధ్యాహ్నం ఆయన మిఠాయి డబ్బాతో మా ఇంటికొచ్చాడు. మామ తలుపు వేశాడు. పక్క గదిలో నేను జాకెట్లకు హుక్కులు కుడుతున్నాను. కోడళ్ళకు చెవులుండవని మామ నమ్మకం.

"మీ ఇంటామెతోని విత్‌డ్రా చేపియ్యి అన్నా. సంఘం మద్దతు మా అరుణకని ప్రకటించు. జిల్లా సంఘంల నీకు పదవి మా పార్టోళ్ళు చూసుకుంటరు. ఒక ప్లాట్ గూడ రాసిస్త."

"గోవర్ధన్, గివి ఉత్త ఓట్లు గావు. పోచమ్మ కాడ ఒట్టు పెట్టినయ్."

"అందుకే గదన్నా, ఇంటిదాక వచ్చిన."

గోవర్ధన్ వెళ్ళాక అత్తమ్మ ఆ మిఠాయి డబ్బా విప్పి మామకు రెండు పెట్టింది, నాకు ఒకటి పెట్టింది. "దేనికొచ్చిండు?" అని అడిగింది. "ఉత్తగనే" అన్నాడు మామ నోటి నిండా బూందీ లడ్డుతో. ఆ క్షణం నాకు ఆయన మీద పుట్టిన ఏహ్యభావం అంతా ఇంతా కాదు.

ఆ రాత్రే విన్నదంతా అత్తమ్మకు చెప్పాను. వంటగది తుడుస్తూ విన్నది.

ఉపసంహరణ గడువు రోజున హైస్కూల్లో ఎన్నికల అధికారి కూర్చున్నాడు. మూడు గంటల దాకా టైం. మామ మా ఇద్దర్నీ ఆటోలో తీసుకెళ్ళి వరండా బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఉపసంహరణ కాగితం ఇచ్చి అత్తమ్మతో సంతకం పెట్టించి "నేనొచ్చి చెప్పేదాక గిది ఎవ్వలకు ఇయ్యకు" అని ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి పోయాడు.

గేటు దగ్గర కారుకు ఆనుకుని గోవర్ధన్. చెట్టు కింద మామ. ఇద్దరూ ఒకరికొకరు కనిపిస్తూనే ఉన్నారు, అయినా ఫోన్లోనే మాట్లాడుకుంటున్నారు. ముందు ఎవరు నడిచి వెళ్తే వాళ్ళ విలువ తగ్గుతుందేమో! "కార్నర్ బిట్టు కావాలె" అని మామ అరుస్తున్నాడు. "నార్త్ ఫేసింగ్ ఎట్లియ్యాలె అన్నా?" అని అటునుంచి గోవర్ధన్. ఇద్దరి గొంతులూ మాకు ఫోన్ అక్కర్లేకుండానే వినిపిస్తున్నాయి. భార్య పేరును గోడ మీది నుంచి చెరపడానికి ఆ మనిషి అడుగుతున్నది మూల మీది ప్లాటు. కొంచెం సిగ్గున్నవాడైతే దూరంగా పోయి అడిగేవాడు.

లోపలినుంచి అధికారి వచ్చాడు. కోస్తా మనిషి, మర్యాదగా మాట్లాడాడు. "రేణుకమ్మ గారూ, సమయం అయిపోవస్తోందండీ. మీరేమైనా ఉపసంహరించుకుంటున్నారా?"

అత్తమ్మ చేతిలో కాగితం ఉంది. గోడ గడియారం వైపు చూసింది. వరండాలోంచి చెట్టు వైపు చూసింది.

"మా ఇంటాయన బయట ఫోన్ల ఉన్నడు సార్. ఆయన చెప్పేదాక ఏ కాగితం ఇయ్యొద్దన్నడు."

"అది మీ ఇష్టం అమ్మా, ఆయన ఇష్టం కాదు."

"గట్లనా సార్" అంది, అంతే.

నేను లేవబోయాను. లేచి ఏం చేసేదాన్నో నాకే తెలియదు, మామను పిలవాలనైతే కాదు. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "కూసో బిడ్డా. పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నరు. మనం నడుమల పోవద్దు."

మామ బేరం కుదిరి పరుగెత్తుకొచ్చేసరికి మూడు దాటింది, అధికారి తలుపు దగ్గర అభ్యర్థుల జాబితా అంటిస్తున్నాడు. "సార్, ఒక్క నిమిషం" అని మామ బతిమాలాడు, తర్వాత సంఘం పేరు చెప్పి బెదిరించాడు, తర్వాత మళ్ళీ బతిమాలాడు. గేటు దగ్గర గోవర్ధన్ కారు స్టార్టయింది.

"నీ నోట్లె నాలుక లేదా? వాడు అడిగినప్పుడు ఇచ్చిపడేయకపోయినవా?" అని ఆటోలో అరిచాడు మామ.

"నువ్వే గదా ఇయ్యొద్దన్నవు" అంది అత్తమ్మ. ఆమెకు ఎన్నికల గుర్తుగా కత్తెర వచ్చింది.

అయినా మామ తగ్గలేదు. పేరు బ్యాలెట్ మీద ఉంటే ఉండనీ, ఓట్లు మళ్ళిస్తే ప్లాటు దక్కుతుందని గోవర్ధన్‌ను ఒప్పించాడు. రెండు రోజుల్లో మా గోడకు ఎదురుగానే ఫ్లెక్సీ లేచింది: 'అరుణమ్మకు పంచాయతీ కార్మికుల సంఘం సంపూర్ణ మద్దతు.' కింద దండం పెడుతూ మామ. ఇటు గోడ మీద భార్య పేరు, అటు ఫ్లెక్సీలో మొగుడి ముఖం, నడుమ మా గల్లీ మోరీ. ఊళ్ళో ఇంకా ఇరవై ఫ్లెక్సీలు కట్టించాడు. పోయినవాళ్ళ మట్టికి లేని డబ్బు ఫ్లెక్సీలకు మాత్రం వచ్చింది. జంగమ్మ మా గడప ముందు చీపురు ఆపి ఆ మాట ఆయన ముఖం మీదే అడిగింది.

"సంఘం పైసలు సంఘం పనికే పెట్టిన" అన్నాడు మామ.

"ఏం పని అన్నా? నీ పెండ్లాన్ని ఓడగొట్టుడా?"

అత్తమ్మ మాత్రం ఆ రాత్రి కూడా ఆయనకు వేడి నీళ్ళు పెట్టింది, ఇష్టమని చింతచిగురు పప్పు చేసింది. నాకు ఒళ్ళు మండింది. "గిన్ని చేసి ఎందుకు పెడ్తవు అత్తమ్మా?" అంటే, "తిననీ. తింటే పండుకుంటడు. పండుకుంటే మనం తిరగొచ్చు" అంది.

సంఘం వాళ్ళు మామ ఎదుట తలలూపేవారు, పక్కకొచ్చి నాలుక కరుచుకునేవారు. గోవర్ధన్ అంటే భయమే కానీ పోచమ్మ అంటే ఇంకా భయం. ఒట్టును ఎట్లా దాటాలి? మామకు ఉపాయం తట్టింది. బోనాల ఆదివారం సంఘం తరఫున తల్లికి మేకపోతును ఇస్తే ఒట్టు తీరిపోతుందని ప్రకటించాడు. గుడి దగ్గర మేకలు కోసే మొగులయ్య, తల, కాళ్ళు తనకిస్తే తీరిపోతుందని తనూ సాక్ష్యం చెప్పాడు. షాద్‌నగర్ అంగడి నుంచి బలిసిన నల్ల మేకపోతు వచ్చింది, అదీ సంఘం డబ్బుతోనే.

మా దగ్గర మేకను ఊరికే కోయరు. వీపు మీద పసుపు నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తరు.

ఆ ఆదివారం ఊరంతా అక్కడే ఉంది. డప్పులు, వేపాకులు, నెత్తిన బోనాలతో ఆడవాళ్ళ వరస, ఆ వరసలో మా అత్తమ్మ. ముందు ఊళ్ళో ఒక ఇంటివాళ్ళ మేకకు ఒక్క చెంబు పోయగానే విదిలించింది. తర్వాతది కూడా అంతే. అప్పుడు మొగులయ్య సంఘం మేకను తెచ్చాడు. మామ కొత్త తెల్లచొక్కాతో ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "తల్లీ, సంఘం మంచికే ఈ నిర్ణయం. ఒట్టు వాపసు తీస్కో."

చెంబుడు నీళ్ళు పోశారు. మేక నిలబడింది. ఇంకో చెంబు పోశారు. బోనం మీద నుంచి రాలిన వేపరెమ్మను అందుకుని నమలసాగింది. "చెవుల ఊదు" అన్నాడు మామ. మొగులయ్య ఊదాడు. బిందె తెచ్చి కుమ్మరించారు. నీళ్ళు కారుతున్నాయి కానీ మేక కదల్లేదు. డప్పులవాళ్ళు కొట్టి కొట్టి ఒక్కొక్కరే ఆపేశారు.

"దానికి జ్వరమొచ్చినట్టుంది" అన్నాడు మామ.

ఎవరో ఆడమనిషి నవ్వింది. ఆ నవ్వు వరసంతా పాకింది. మొగులయ్య కత్తి కింద పెట్టి దండం పెట్టాడు. "అన్నా, తల్లికి మనసు లేదు. నాకు పిల్లలున్నరు. నేను కొయ్య."

మామ దాని చెవి పట్టుకుని గుంజబోయాడు. అప్పుడు అత్తమ్మ బోనం నాకిచ్చి ముందుకొచ్చింది. "ఇడువు, మూగజీవి, తడిసి సచ్చిపోతది" అని తాడు అందుకుంది. మామ భుజం మీది తువ్వాల లాగి దాని వీపు తుడిచి, నాలుగడుగులు నడిపించింది. అప్పుడు ఆ మేక ముక్కు నుంచి తోక దాకా ఒక్కసారి విదిలించింది. పసుపు నీళ్ళన్నీ పోయి మామ తెల్లచొక్కా మీద పడ్డాయి.

"తల్లి రేణుకమ్మ దిక్కే!" అని జంగమ్మ పెద్దగా కూత పెట్టింది, డప్పులు మళ్ళీ మోగాయి.

మేకలకు రాజకీయాలు తెలుసని నేను అనను. తడిసిన మేక ఎప్పుడో ఒకప్పుడు విదిలించుకుంటుంది. కానీ ఆ మాట ఊరికి చెప్పే అమాయకురాలిని కాను. ఆ మేకను ఎవరూ కోయలేదు. మా వాకిట్లో కట్టేస్తే ఫ్లెక్సీ అంచులు నములుతూ ఉండేది.

పోలింగ్ రోజు మధ్యాహ్నానికి ఓట్లయిపోయాయి, సాయంత్రానికి లెక్కింపు అయిపోయింది. అత్తమ్మ కొద్ది ఓట్ల తేడాతో గెలిచింది. అందరికంటే ముందు దండతో వచ్చింది ఎవరనుకున్నారు? మామే. "అంతా నా స్కెచ్! గోవర్ధన్ గాన్ని నిద్రబుచ్చిన!" అని జీపు ఎక్కి ఊరంతా తిరిగాడు. ఆయన గొంతులో నిజంగానే నమ్మకం ఉంది. అబద్ధమాడుతున్నాడని తనకు తెలిస్తే కొంతైనా గౌరవించేదాన్నేమో.

మర్నాడు మూడు పార్టీలు మా అత్తమ్మ తమ మద్దతుతో గెలిచిందని పేపర్లకు చెప్పుకున్నాయి. మూడు పార్టీలవాళ్ళూ వచ్చి మూడు రంగుల కండువాలు కప్పారు. అత్తమ్మ అందరికీ చాయ్ పోసి, వాళ్ళు పోయాక కండువాలు మడిచి నాకిచ్చింది. "లతా, నీ మిషన్ మీద దుమ్ము దులుపుకోనికి మంచిగుంటయ్."

ప్రమాణ స్వీకారమైన వారానికి కార్యదర్శి పంచాయతీ ఆఫీసులో అత్తమ్మ ముందు జీతాల కాగితాలు పెట్టాడు. నేను తోడుగా వెళ్ళాను. అత్తమ్మ ఒక్కొక్కటే చదివి వేలు ఆపింది.

"ఈ చందా జీతంలకెల్లి ఎందుకు కోస్తున్నరు? కొయ్యమని వాళ్ళు రాసిచ్చిన్రా?"

"ఎప్పటినుంచో ఉన్న పద్ధతి మేడమ్."

"ఇగ వద్దు. పూరా జీతం చేతికియ్యున్రి. ఇయ్యాలనుకున్నోళ్ళు వాళ్ళే ఇచ్చుకుంటరు."

కార్యదర్శి బయట వరండాలో నిలబడ్డ మామ వైపు చూశాడు. మామ లోపలికి రాబోయాడు. సర్పంచ్ ఎదురుగా ఉన్న కుర్చీలో నేను కూర్చుని ఉన్నాను. లేవలేదు.

జీతాలు పడ్డ సాయంత్రం మామ చందాకు బయలుదేరాడు. నా మెషిన్ కిటికీ నుంచి కార్మికుల ఇళ్ళు కనిపిస్తాయి. ఒక్కో తలుపు దగ్గరా నిలబడ్డాడు. జంగమ్మ మంచినీళ్ళిచ్చింది, ఆరోగ్యం అడిగింది, డబ్బులివ్వలేదు. ఒకళ్ళు తర్వాత రమ్మన్నారు, ఇంకొకళ్ళు తలుపే తీయలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆయన చొక్కా నలిగిపోయి ఉంది. ఆయన చొక్కా నలగడం నేను చూడటం అదే మొదలు. జాలి పడదామని ప్రయత్నించాను, కానీ రాలేదు.

ఆ రాత్రి అత్తమ్మ అన్నం పెట్టింది. ఆయన కలుపుతున్నాడు కానీ తినడం లేదు.

"నువ్వు జర చెప్పరాదా వాళ్ళకు. నీ మాటింటరు."

"సర్పంచ్ సంఘాల జోలికి పోవద్దు."

ఆయన కలిపిన ముద్దను పళ్ళెం అంచుకు తోశాడు. ఆ గొంతు, పద్దెనిమిదేళ్ళు ఊరిని మోగించిన ఆ గొంతు, ఎక్కడికో పోయింది.

"సంఘం లేకుంటే నేనెవణ్ణి రేణుకా?"

ఆమెను ఆయన పేరు పెట్టి పిలవగా నేను వినడం అదే మొదటిసారి. అత్తమ్మ గరిటె పట్టుకుని ఆలోచించింది. ఎగతాళి కాదు, అడిగిన దానికి జవాబు నిజంగానే వెతికింది.

"బిల్ కలెక్టర్‌వు" అంది, పప్పు వడ్డిస్తూ. "రేపు పదింటికి ఆఫీసుకు రా."